పొయ్యి రాజుకునే వేళకు చేరుకోండి: అమెరికాలో వలసకాలపు రైతు ఇంటిని చూడటం ఎలా?

అమెరికా తూర్పు తీరంలో వలసకాలపు, అంటే ఇంగ్లండు రాజు పాలన సాగిన రెండున్నర, మూడు వందల ఏళ్ల నాటి, రైతు ఇళ్లు ఇప్పటికీ చాలానే నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్నిచోట్ల ఆనాటి దుస్తులు వేసుకున్న మనుషులు మన కళ్ల ముందే కట్టెల పొయ్యి మీద వండుతారు, ఉన్ని వడుకుతారు, పిండి ఆడిస్తారు. దీన్ని లివింగ్ హిస్టరీ అంటారు. న్యూజెర్సీలోనూ వర్జీనియాలోనూ మనవాళ్లు అంతమంది ఉన్నా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నయాగరాకు తీసుకెళ్లినంత చురుగ్గా ఇలాంటి చోటుకు తీసుకెళ్లరు. వెళ్లినవారిలో చాలామంది అరగంటలో గదులన్నీ చుట్టేసి, గుమ్మం ముందు ఒక ఫొటో దిగి, "పాత ఇల్లే కదా" అనుకుంటూ కారెక్కుతారు. ఇంటి కోసం వెళితే అంతే మిగులుతుంది. అక్కడ జరిగే పని కోసం వెళితే పూట సరిపోదు. ఈ వ్యాసం అలా వెళ్లాలనుకునేవారి కోసం.

ఉదాహరణగా న్యూయార్క్ రాష్ట్రంలోని ఫిలిప్స్‌బర్గ్ మేనర్‌ను తీసుకుంటున్నాను. మన్‌హటన్‌కు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, హడ్సన్ నది ఒడ్డున, స్లీపీ హాలో అనే ఊళ్లో ఉంటుంది. సున్నం వేసిన రాతి ఇల్లు, నీటితో తిరిగే పిండిమర, దాని వెనుక చెరువు, గడ్డివాము కొట్టం, కౌలు రైతు ఇల్లు, పశువులు అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. మీరు మరో చోటుకు వెళ్లినా కింద చెప్పినవి చాలావరకు పనికొస్తాయి.

1. ఏ కాలం, ఏ పద్ధతి అన్నది ముందే తెలుసుకోండి

ఇలాంటి ప్రతి చోటూ ఏదో ఒక కాలాన్ని ఎంచుకుని దాన్నే చూపిస్తుంది. ఫిలిప్స్‌బర్గ్ మేనర్‌లో అది 1750. మసాచుసెట్స్‌లోని ప్లిమత్ పటుక్సెట్‌కు వెళితే 1620లు. అదే రాష్ట్రంలోని ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ చూపించేది 1830ల జీవితం, అంటే అమెరికా స్వతంత్రమై యాభై ఏళ్లు దాటిన కాలం. చాలా బాగుంటుంది, కానీ వలసకాలం చూడాలన్న పట్టుదల ఉంటే అది కాదు.

రెండోది పద్ధతి. కొన్నిచోట్ల గైడ్లు ఆ కాలపు మనిషిగానే మాట్లాడతారు. ప్లిమత్‌లోని ఇంగ్లీషు పల్లెలో ఒకామెను మీ ఫోను చూపించి ఏమైనా అడిగితే, అదేమిటో తెలియనట్టే ముఖం పెడుతుంది. రాజు గురించి, పంట గురించి, ఓడ ప్రయాణం గురించి అడిగితే మాత్రం గంటసేపు చెబుతుంది. ఇంకొన్నిచోట్ల దుస్తులు ఆనాటివే అయినా మాట ఈనాటిది. "అప్పట్లో వాళ్లు ఇలా చేసేవారు" అని మామూలుగా వివరిస్తారు. పిల్లలకు మొదటి పద్ధతి సరదా. ఇంగ్లీషు అంతగా అలవాటు లేని పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు రెండోదే నయం. ఆగి మీరు తెలుగులో చెప్పి, మళ్లీ అడగడానికి వీలుంటుంది.

ప్లిమత్‌లో ఒక జాగ్రత్త. అక్కడ స్థానిక వాంపనోగ్ ప్రజల నివాసాన్ని చూపించే భాగంలో పనిచేసేవారు నటించరు. వారు ఈనాటి ఆదివాసీలు, తమ పూర్వుల గురించి తామే చెబుతారు. వారితో వేషధారులతో మాట్లాడినట్టు మాట్లాడకండి.

2. రోజు, టికెట్టు, దారి

చలికాలంలో చాలావరకు మూసేస్తారు. మిగతా నెలల్లోనూ వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, కొన్నిచోట్ల సమయం వేసిన టికెట్టుతో గైడు వెంటే లోపలికి పంపుతారు. బయలుదేరే ముందు ఆ సంస్థ వెబ్‌సైటులో ఆ వారపు వేళలు చూసి, టికెట్టు అక్కడే కొనండి. పోయినేడాది ఎవరో చెప్పిన వేళలను నమ్మవద్దు.

స్లీపీ హాలోకు అక్టోబరులో వెళ్లాలనుకుంటే మరీ ముందుగా చూసుకోవాలి. తల లేని గుర్రపు రౌతు దయ్యం కథ పుట్టిన ఊరు అది. హాలోవీన్ నెలంతా తిరునాళ్లే. ఎండ నెమ్మదించి, ఆకులు రంగు మారే ముందు, సెప్టెంబరు రోజులు నా దృష్టిలో అన్నింటికన్నా మంచివి.

రైలైతే గ్రాండ్ సెంట్రల్ నుంచి మెట్రో నార్త్ వారి హడ్సన్ లైను. టారీటౌన్‌లో దిగి టాక్సీ తీసుకోవచ్చు. కొన్ని రైళ్లు ఫిలిప్స్ మేనర్ అనే చిన్న స్టేషనులోనూ ఆగుతాయి. నది వైపు కిటికీ దగ్గర కూర్చోండి. వెళ్లేటప్పుడు అది ఎడమవైపు. న్యూజెర్సీ నుంచి కారులో వచ్చేవారు హడ్సన్ మీది మారియో క్వోమో వంతెన దాటితే టారీటౌన్‌లోనే దిగుతారు.

ఒకటే మాట. అక్కడి నుంచే బయలుదేరే రాక్‌ఫెల్లర్ల భవనం కైకట్ పర్యటన కూడా అదే రోజు పెట్టుకోవాలని అనిపిస్తుంది. వద్దు. రెండూ సగం సగం అవుతాయి.

3. ఒంటి మీద ఏముందో చూసుకోండి

అమ్మలు, అత్తలు చీరలో వస్తుంటే ఒక విషయం తప్పకుండా చెప్పండి. గోడలోనే కట్టిన ఆ పెద్ద పొయ్యి ముందు నిప్పులు నేల మీదికి లాగి, వాటి మీద మూడుకాళ్ల గిన్నెలు పెట్టి వండుతారు. సింథటిక్ చీర కొంగు, పొడవాటి చున్నీ అక్కడ ప్రమాదం. నూలు కట్టుకుని, కొంగు నడుముకు దోపుకోమనండి. వంటచేసే గైడ్లు ఉన్ని లంగాలు వేసుకోవడానికి కారణం కూడా ఇదే: ఉన్ని భగ్గున మండదు.

కాళ్లకు బూట్లు. బురద, పేడ, గులకరాళ్లు, అరిగిన మెట్లు అన్నీ ఉంటాయి. ఇంట్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పబోయే అలవాటు మనకు ఉంది కదా, ఇక్కడ విప్పవద్దు. హడ్సన్ లోయలో లైమ్ జ్వరం తెచ్చే చిన్న గోమార్లు గడ్డిలో ఉంటాయి. నిండు చేతులు, నిండు కాళ్లు కప్పే దుస్తులు వేసుకుని, ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక వెతకండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలను పై అంతస్తుకు ఎక్కించవద్దు. ఆనాటి మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. కింద పొయ్యి దగ్గర ఒక బల్ల చూసి కూర్చోబెడితే వారికే ఎక్కువ కనిపిస్తుంది. చక్రాల కుర్చీ అవసరమైతే ముందే ఫోను చేసి అడగండి.

4. పిల్లలకు ముందే చెప్పవలసినది

దీన్ని దాటవేయవద్దు. ఫిలిప్స్‌బర్గ్ మేనర్‌లో 1750లో పనిచేసినది 23 మంది ఆఫ్రికన్లు. అందరూ బానిసలు. యజమాని అడాల్ఫ్ ఫిలిప్స్ న్యూయార్క్ నగరంలో వ్యాపారం చేసుకుంటూ ఉండేవాడు. ఇక్కడ గోధుమ పిండి ఆడించినది, వెన్న తీసినది, పడవల్లో సరుకు నింపినది ఆ 23 మందే. మరను నడిపినది సీజర్ అనే ఆయన. ఈ ప్రాంతంలో అంత నైపుణ్యం ఉన్న పని చేతిలో ఉండి కూడా ఆయన తన సొంత మనిషి కాడు. 1750లో యజమాని చనిపోయాక ఆస్తి జాబితా రాశారు. గిన్నెలు, పశువులు, పనిముట్లతో పాటు ఈ మనుషుల పేర్లూ అందులో ఉన్నాయి. తర్వాత వారిని కూడా అమ్మకానికి పెట్టారు. ఈనాడు అక్కడ చెప్పే కథ చాలావరకు ఆ జాబితా ఆధారంగా నిలబడినదే.

బానిసత్వం దక్షిణ రాష్ట్రాల పత్తి చేలల్లోనే ఉండేదని చదువుకుని వచ్చినవాళ్లం మనం. న్యూయార్క్‌లో అది పూర్తిగా రద్దయినది 1827లో. పిల్లలకు ఈ మాట కారులోనే చెప్పండి. వాళ్ల వయసుకు తగ్గట్టు, ఉన్నదున్నట్టు. అక్కడికి వెళ్లాక ఆనాటి దుస్తుల్లో ఉన్న నల్లజాతి గైడును "మీరు బానిసా?" అని అడగకుండా ఉంటారు. ఆ గైడు ఈనాటి ఉద్యోగి, చరిత్ర చదివిన మనిషి. "ఇక్కడ బానిసలుగా ఉంచిన వాళ్ల గురించి చెప్పండి" అంటే చాలు. పెద్దలకు కూడా ఇదే వర్తిస్తుంది. నవ్వుతూ పక్కన నిలబడి సెల్ఫీ అడగడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించండి.

5. చేరగానే పొయ్యి దగ్గరికి, వచ్చేముందు మళ్లీ పొయ్యి దగ్గరికి

టికెట్టు చూపించే చోట "ఈరోజు ఏమేం చేస్తున్నారు, ఏ వేళకు?" అని అడగండి. రోజూ అన్నీ ఉండవు. మర తిరిగే వేళ, వంట మొదలయ్యే వేళ, పశువుల పని, ఈ మూడూ రాసుకుని మిగతాది వాటి చుట్టూ సర్దుకోండి. గైడుతో గుంపుగా తిప్పే చోటైతే ముందు వరుసలో నిలబడటం మీ చేతిలో ఉన్న పని.

వీలుంటే తెరిచిన వెంటనే వెళ్లండి. నిప్పు రాజేసేటప్పుడు చూడవలసింది చాలా ఉంది. రొట్టె కాల్చే ఇటుక గూడు ఉన్న చోట దాని లోపలే కట్టెలు గంటన్నర, రెండు గంటలు మండించి, నిప్పులన్నీ బయటకు లాగి, ఆ వేడి ఇటుకల మీద రొట్టె పెట్టి తలుపు మూస్తారు. వేడి సరిపోయిందా లేదా చెప్పడానికి చెయ్యి లోపల పెట్టి ఎంతసేపు ఆగగలరో లెక్కిస్తారు. మూత మీద కూడా నిప్పులు పోసే ఇనుప గిన్నెల్లో కింద ఎన్ని, పైన ఎన్ని నిప్పులు అన్నది వంటామె కన్ను కొలుస్తుంది. పదింటికి పచ్చి పిండిగా చూసినదాన్ని పన్నెండింటికి రొట్టెగా చూస్తే, ఆ రెండు గంటల్లో ఆమె ఎన్నిసార్లు వంగి లేచిందో కూడా తెలుస్తుంది.

6. పనిని ఎలా చూడాలి

మర దగ్గర: కిందిది కదలని రాయి, పైది తిరిగే రాయి. తిరగలి చూసినవారికి కొత్త కాదు, కానీ ఇక్కడ పైరాయి టన్ను బరువుండొచ్చు, తిప్పేది చెరువు నుంచి వచ్చే నీరు. రాళ్లు రెండూ తగలకూడదు. తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, పిండి దుమ్ము నిండిన గదిలో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మర నడిపేవారు బయటకు వచ్చే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, రాళ్ల ఎడం సరిచేస్తారు. అది చేస్తున్నప్పుడు గమనించండి, అవకాశం ఇస్తే మీరూ రుద్దిచూడండి. రాళ్లకు గంట్లు ఎవరు కొడతారు, ఎన్నాళ్లకోసారి అని అడిగితే గైడు ముఖం వెలుగుతుంది. ఆ ప్రశ్న చాలామంది అడగరు. ఇప్పుడున్న మర తిరిగి కట్టినదే అయినా తిరిగే తీరు పాతదే.

ఆ పిండి ఎక్కడికి వెళ్లేదన్నది ఇంకా ముఖ్యం. ఫిలిప్స్ కుటుంబానికి 52,000 ఎకరాలుండేవి. చుట్టూ ఉన్న కౌలు రైతులు కౌలును గోధుమల రూపంలో కట్టేవారు. ధాన్యం ఇక్కడ పిండై, పడవల్లో నగరానికి, అక్కడి నుంచి కరీబియన్ దీవుల చెరకు తోటలకు వెళ్లేది. అక్కడ దాన్ని తిన్నవాళ్లలోనూ బానిసలున్నారు. మన జమీందారీల్లో భూమి, కౌలు, మర అన్నీ ఒకే చేతిలో ఉంటే ఎలా ఉండేదో విన్న తాతయ్యలకు దీనికి వివరణ అవసరం రాదు. అమెరికా స్వాతంత్ర్య విప్లవ కాలంలో ఫిలిప్స్ కుటుంబం ఇంగ్లండు రాజు పక్షాన నిలబడింది. 1779లో న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం ఎస్టేటును స్వాధీనం చేసుకుని, తర్వాత ముక్కలుగా అమ్మింది.

వెన్న దగ్గర: నిలువు పీపాలో కర్రను పైకీ కిందికీ దంచినట్టు ఆడిస్తారు. మనం పెరుగు చిలుకుతాం, వాళ్లు మీగడ చిలుకుతారు. మీగడ దాదాపు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే వెన్న బాగా పడుతుంది. వేడెక్కితే మెత్తగా జారిపోతుంది, మరీ చల్లగా ఉంటే గంటలు పడుతుంది. పిల్లలకు కర్ర ఇస్తారు, తప్పక పట్టించండి. పట్టినవాళ్లు ఐదు నిమిషాల్లో వదిలేస్తారు. వదిలేశాక ఇది రోజూ ఎవరు చేసేవారో చెప్పండి. తీసిన వెన్నను నీళ్లతో కడిగి, మజ్జిగ మిగలకుండా పిండి, ఉప్పు కలిపి చెక్క తొట్లలో దాస్తారు. మన ఎండలకు కాచి నెయ్యి చేసుకున్నాం, వాళ్ల చలికి ఉప్పు వెన్న నిలిచింది. అమ్మను అడిగి చూడండి, ఈ విషయంలో గైడుకు ఆమె కూడా నాలుగు ముక్కలు చెప్పగలదు. మధ్యలో మాట మార్చే పని మీది.

ఎద్దుల దగ్గర: ఊళ్లో సేద్యం చేసినవారు ముందు చూసేది ముకుతాడు లేకపోవడం. ఇక్కడి ఎద్దులకు మూపురం ఉండదు. కాడి మెడ మీద పెట్టి, కింది నుంచి వంచిన చెక్క విల్లును మెడ చుట్టూ ఎక్కించి బిగిస్తారు. నడిపేవారు పక్కనే నడుస్తూ నోటి మాటతోనే తిప్పుతారు. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకు. మీ నాన్నగారు మన వైపు మాటలు చెబితే అడిగి రాసుకునే గైడ్లు ఉంటారు.

నార దగ్గర: అవిసె గింజలిచ్చే మొక్క కాండం నుంచే లినెన్ వస్తుంది. మొక్కలను పీకి, గింజలు దూసి, తడిపి కుళ్లబెట్టి, ఎండబెట్టి, చెక్క దవడల్లో విరగ్గొట్టి, ఇనుప పళ్ల దువ్వెనలో దువ్వితే బంగారు రంగు జుత్తులాంటి పోగు మిగులుతుంది. ఒక చొక్కాకు ఎంత నేల, ఎన్ని నెలలు అని అడగండి. జవాబు విన్నాక సంతలో కొన్న చవక బట్ట మీద కాస్త గౌరవం కలుగుతుంది.

7. అడగవలసినవి, నమ్మకూడనివి

"ఇది మీకు ఎలా తెలిసింది?" అన్నది అన్నిటికన్నా మంచి ప్రశ్న. మంచి గైడు దీనికి సంతోషిస్తారు. జాబితాలు, ఉత్తరాలు, తవ్వకాల్లో దొరికిన ముక్కలు అంటూ మొదలుపెడతారు. "ఈ గదిలో వస్తువులు ఈ ఇంటివేనా?" అన్నది రెండోది. చాలాచోట్ల అదే కాలానికి చెందిన వేరే ఇళ్ల వస్తువులు తెచ్చి పెడతారు, కొన్ని కొత్తగా చేయించినవి. ముట్టుకోవచ్చా అని అడిగాకే ముట్టుకోండి. కొత్తగా చేయించినదైతే చేతికి ఇస్తారు.

ఇలాంటి చోట్ల దశాబ్దాలుగా తిరుగుతున్న పుకార్లు కొన్ని ఉన్నాయి. తలుపులు పొట్టిగా ఉన్నాయంటే మనుషులు పొట్టివాళ్లని అంటారు. విప్లవకాలపు అమెరికన్ సైనికుల సగటు ఎత్తు సుమారు 173 సెంటీమీటర్లు. కప్పు కిందికి కట్టింది వేడి నిలవడానికి. ఆడవాళ్ల మరణాలకు మొదటి కారణం ప్రసవం, రెండోది పొయ్యి మంటలు అన్న మాటకూ చరిత్రకారులు ఆధారం చూపలేకపోయారు. రోగాలే ఎక్కువ మందిని తీసుకుపోయాయి. కాలిన గాయాలు లేవని కాదు, లెక్క అది కాదు అంతే.

8. మన బట్ట కోసం ఒక కన్ను వేసి ఉంచండి

మంచం తెర మీదో, రజాయి మీదో పూలతీగల రంగులద్దిన నూలుబట్ట కనిపిస్తే ఎక్కడిదో అడగండి. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరంలో వేసిన కలంకారీ, చీటీ బట్టలు లండన్ మీదుగా అమెరికా వలసలకు చేరాయి. మచిలీపట్నంలో ఇంగ్లీషువారి వర్తకశాల 1611లో మొదలైంది. ఇంగ్లండులో 1721 చట్టంతో ఈ అద్దకం బట్టలు వాడటాన్ని నిషేధించినా, బయటి వలసలకు పంపడాన్ని ఆపలేదు.

ఇందులో చేదు భాగం కూడా ఉంది. కోరమాండల్ నూలుబట్టలు పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి మారకంగా వాడిన సరుకుల్లో ఒకటి. ఫిలిప్స్ కుటుంబ స్థాపకుడు ఫ్రెడరిక్ ఫిలిప్స్ 1690లలో మడగాస్కర్‌కు ఓడలు పంపి బానిసలను, సముద్రపు దొంగలు కొల్లగొట్టిన తూర్పు దేశాల సరుకును తెప్పించినవాడు. కాబట్టి ఆ రాతి ఇంట్లో నిలబడి ఇది మనకు సంబంధం లేని కథ అనుకోవడం కష్టం.

9. తిండి, దుకాణం

శాకాహారులు అక్కడి వంట మీద ఆశ పెట్టుకోవద్దు. రొట్టె అంచుల్లో పంది కొవ్వు, కూరగాయల పులుసులో మాంసం ముక్కలు మామూలు. పైగా ఆరోగ్య నిబంధనల వల్ల చాలాచోట్ల వండినది సందర్శకులకు పెట్టరు. వాసనతోనే సరిపెట్టుకోవాలి. కొవ్వొత్తులు ముంచే చోట పిల్లలు చేయి పెట్టేముందు అది తేనెమైనమా, గొడ్డు కొవ్వా అని అడగండి. ఆ కాలంలో రెండోదే ఎక్కువ. పులిహోర, దద్దోజనం డబ్బాలు తెచ్చుకుంటే బయట గడ్డిలో తినడానికి చోటు అడగండి, ఇళ్ల లోపల తినడం, తాగడం సాధారణంగా ఒప్పుకోరు.

మర ఉన్న చోట దుకాణంలో రాతిమర పిండి అమ్ముతుంటే కొనండి, గోధుమదైనా మొక్కజొన్నదైనా. కానీ ఒక సంచీయే. గింజలోని మొలక భాగం, దాని నూనె పిండిలోనే ఉండిపోతాయి కాబట్టి మామూలు పిండిలా నెలల తరబడి అల్మారాలో ఉంచితే ముక్కవాసన వస్తుంది. ఇంటికి రాగానే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజరులో పెట్టండి. మొక్కజొన్న పిండితో రొట్టెలు చేస్తే వేడినీళ్లతో తడపండి, చల్లనీళ్లకు అంచులు పగులుతాయి.